వెనకతాడు

చండ్రచెట్టు కొమ్మకి వేలాడగట్టిన కాటా మీద ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. నూట ముప్పై ఎనిమిది కిలోలు. చరణ్ ఆ లెక్క ఫోన్లో ఎక్కించుకుని, పందిని తనే కొట్టినంత గర్వంగా మేనమామ వైపు చూశాడు.

"చూశావా మామా? నాలుగు కప్పీల మీద తాడు తిప్పా. అంత పందిని ఒక్కణ్ణే లేపా."

"లేపావులే. ఇప్పుడు దింపాల గదా," అన్నాడు హనుమయ్య, చెమటకి తడిసిన బీడీని చెవి మీద నుంచి తీసి పారేస్తూ.

సాయంత్రం నాలుగున్నర దాటింది. మాచర్లకి పడమరగా, అడవి మొదలయ్యే చోట ఉన్న గుట్ట అది. కింద మొక్కజొన్న చేలు. మూడు వారాలుగా పందులు పడి ఆ చేలను దున్నేస్తుంటే రైతులు జిలానీకి కబురు పెట్టారు. కొట్టేవరకే జిలానీ పని. నాటు తుపాకి, ఒకటే గుండు, అది కళ్ళ మధ్యన. కొట్టినదాన్ని కిందికి దించటం హనుమయ్య పని. ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. ఇదివరకు కాళ్ళు నాలుగూ వెదురు బొంగుకి కట్టి, ముందు ఇద్దరూ వెనక ఇద్దరూ మోసేవాళ్ళు. ఆ మోసేవాళ్ళంతా ఇప్పుడు క్వారీల్లోకి పోయారు. మిగిలింది హనుమయ్య ఒక్కడు.

అందుకే చరణ్ 'పడవ' తయారుచేశాడు. మెకానికల్ డిప్లొమా చేసి, నాపరాళ్ళ ఫ్యాక్టరీలో ఏడాది పని చేసి, మానేసిన కుర్రాడు. నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోసి, అంచుల వెంబడి కన్నాలు వేసి, ఇనప రింగులు బిగించాడు. ముందు రింగుకి లాగే తాడు, ఆ తాడుకీ రింగుకీ నడుమ కాటా. ఎంత బరువు లాగుతున్నదీ నడుస్తూనే తెలుస్తుంది. వెనక రింగుకి ఇంకో తాడు. పల్లంలో పడవ జారిపోకుండా ఒకడు ఆ వెనకతాడు పట్టుకుని, ఎదురు తన్ని, మెల్లగా వదులుతూ రావాలి. ఆ ఒకడు ఎప్పుడూ హనుమయ్యే.

పందిని పడవలోకి దించేటప్పుడు మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తల కిందికి పెట్టరా. తోక నా వైపుండాల."

"తల పైకే ఉండాల మామా. దాని బరువులో నూటికి అరవై వంతులు మెడా భుజాల్లోనే ఉంది. అది కిందికి పెడితే పడవ ముక్కు నేల్లో దిగబడిద్ది."

"దిగబడితే దిగబడనీ. వెనకతాడు పట్టినోణ్ణి అది చూడగూడదు."

"ఎందుకని?"

"ఎందుకని మా నాయన్ని నేనడగలా."

జిలానీ తుపాకి గొట్టంలో మందు దట్టిస్తూ నవ్వాడు. "చచ్చింది ఏం చూసిద్దయ్యా హనుమయ్యా! దాని చూపంతా నా గుండు తినేసింది."

"నీకేం, రేపు తినేది మేము గదా. నువ్వు ముట్టవు."

"ముట్టనోడికే గురి బాగా కుదిరిద్ది మరి."

ముగ్గురూ నవ్వారు. మేనల్లుడి మాట కొట్టెయ్యలేక హనుమయ్య సరే అన్నాడు. తన తువ్వాలు తీసి పంది మొహం మీద కప్పి, రెండు కొసలూ కోరల కింద దోపాడు. చరణ్ ఇంకో కొత్త సంగతి చెప్పాడు. పోయినసారి తాడు ఒరుసుకుని మామ అరచేతులు బొబ్బలెక్కాయి. ఈసారి కట్టడాల పని వాళ్ళు కట్టుకునే నడుం బెల్టు తెచ్చాడు. వెనకతాడు కొసన ఉన్న కొక్కేన్ని దానికి తగిలించాడు.

"లెక్క కట్టా మామా. ఈ వాలులో నీ మీద పడేది ఇరవై ఒక్క కిలో. నీ నడుముకి తెలవను గూడా తెలవదు."

సన్నగా తుంపర మొదలైంది.

రాళ్ళ మీద ప్లాస్టిక్ గీరుకుంటూ పడవ దిగసాగింది. ముందు చరణ్, పక్కన జిలానీ, వెనక పది గజాల పైన హనుమయ్య. తడిసిన బోదగడ్డి వాసన, తుపాకి మందు వాసన, వాటి కిందుగా పంది ఒంటి ముక్కిన వాసన. వెలుతురు గుట్ట మీద నుంచి పలచబడుతోంది. చాలాసేపు గీరుడు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

తర్వాత ఆ చప్పుడూ ఆగిపోయింది.

పడవ తడి గడ్డి మీదకి వచ్చింది. నున్నగా, నిశ్శబ్దంగా జారుతోంది. తను కట్టిన లెక్క పొడి నేలకి కట్టిందని చరణ్‌కి అప్పుడు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చేలోగా పైనుంచి మామ గొంతు వినపడింది.

"అల్లుడా... ఆగు."

"ఏంది మామా?"

"తువ్వాలు జారింది."

"జారితే జారనీలే."

"కాదురా..." ఆ గొంతులో ఊపిరి లేదు. "కళ్ళు తెరిచింది."

చరణ్ వెనక్కి తిరిగాడు. హనుమయ్య నిటారుగా నిలబడిపోయాడు. కాళ్ళు తన్నిపెట్టడం మర్చిపోయాడు. చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంటున్నాడు.

తాడు బిగిసింది. పడవ కదిలింది.

చరణ్ పక్కకి దూకాడు. నూట ముప్పై ఎనిమిది కిలోలు అతని మోకాలిని రాసుకుంటూ వెళ్ళిపోయాయి. వాటి వెనకే మామ. రెండడుగులు పరిగెత్తాడు. మూడో అడుగు పడలేదు. బోర్లా పడి, మొహం రాళ్ళకి కొట్టుకుంటూ, నడుముకి తగిలించిన తాడు లాక్కుపోతుంటే అరవను కూడా అరవలేదు. దవడ ఎముక బండకి తగిలిన చప్పుడు చరణ్ విన్నాడు. పడవ బండరాయికి గుద్దుకుని తిరగబడింది. పంది గాల్లోకి లేచి, వెనకే వచ్చిన మనిషి మీద పడింది.

వాళ్ళు దిగి వెళ్ళేసరికి హనుమయ్య బతికే ఉన్నాడు. పంది కోర తొడలోకి పూర్తిగా దిగింది. చరణ్ దాని మూతి పట్టుకుని లాగాడు. రాలేదు. దవడలు బిగుసుకుని ఉన్నాయి.

"పడ్డప్పుడు గుచ్చుకుంది," అన్నాడు చరణ్ రొప్పుతూ.

జిలానీ తుపాకి మడమని పళ్ళ మధ్యకి దూర్చి తొక్కాడు. పన్ను విరిగింది. ఇంకోసారి తొక్కాడు. దవడ ఎముక పగిలి ఊడింది. కోర బయటికి రాగానే రక్తం ఎగజిమ్మి జిలానీ గడ్డం మీద పడింది. చరణ్ ఆ నడుం బెల్టే విప్పి, వెనకతాడు కొక్కెం ఊడదీసి పడేసి, తొడ మొదట్లో చుట్టి, మోకాలు పెట్టి బిగించాడు. మామ అప్పుడు కేక పెట్టాడు.

ఫోన్లో సిగ్నల్ లేదు. కింద రోడ్డు మీద, పందిని తీసుకెళ్ళటానికి వచ్చిన బండి డ్రైవరు రసూల్ చిన్న ట్రాలీతో ఎదురుచూస్తున్నాడు. రోడ్డు ఇంకా తొమ్మిది వందల మీటర్లు. బెల్టు దాటుకుని కూడా రక్తం ఊరుతోంది. పావుగంట. అంతకు మించితే మామ దక్కడు. ఈసారి లెక్క తప్పగూడదు.

పందిని పక్కనున్న ముళ్ళ వాగులోకి దొర్లించారు. హనుమయ్యని పడవలో పడుకోబెట్టారు. రక్తం గుండెకి దిగాలని చరణ్ ఆయన కాళ్ళు ఎత్తు వైపుకి, తల పల్లం వైపుకి పెట్టాడు. అట్లా పడుకున్న మనిషికి కనపడేది వాళ్ళు దిగి వచ్చిన దారే.

చరణ్ తాడు భుజాన వేసుకుని లాగాడు. జిలానీ ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో తుపాకి పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. వాలు తగ్గినా పల్లమే. తడి గడ్డి. మామ అరవై రెండు కిలోలు. పడవ తనంతట తనే జారాలి. కాటా మీద సున్నా ఉండాలి.

పద్దెనిమిది అని ఉంది.

చరణ్ ఇంకాస్త గట్టిగా లాగాడు. ముప్పై ఒకటి. నలభై నాలుగు. తాడు భుజాన్ని కోస్తోంది. బోదలో తట్టుకుందేమో అనుకున్నాడు.

"జిలానీ అన్నా, వెనకతాడు వదిలెయ్. బ్రేకు అక్కర్లా."

"నేను నీ పక్కనే ఉన్నా గదరా."

అవును. పక్కనే ఉన్నాడు.

ఇద్దరూ ఆగారు. జిలానీ టార్చి వెనక్కి తిప్పాడు. పడవ వెనక రింగు నుంచి తాడు నేలకి ఆనకుండా, తీగలాగా బిగుసుకుని, గుట్ట పైకి పోయి పొదల్లో కలిసిపోయింది. దాని మీది వాన చుక్కలు వణుకుతున్నాయి.

"ఎవర్రా అక్కడ?" జిలానీ అరిచాడు.

వాన చప్పుడు... దాని వెనక ఇంకో చప్పుడు. విరిగిన పళ్ళ సందుల్లోంచి గాలి పోయి వస్తున్నట్టు.

పడవలోంచి మామ గుసగుసలాడాడు. దవడ విరిగిన నోట్లోంచి మాట సగమే వస్తోంది. "లాగండి రా... ఆగొద్దు. ఆగితే దగ్గరికొస్తంది."

"ఏంది మామా? ఏం కనపడతంది నీకు?"

"కూచుంది. కాళ్ళు తన్నిపెట్టి కూచుంది... నా మాదిరే."

చరణ్ లాగాడు. యాభై ఎనిమిది. డెబ్బై. మోకాళ్ళ మీద పడి, లేచి, మళ్ళీ లాగాడు. నాలుగు నిమిషాల్లో నలభై అడుగులు. ఈ లెక్కన రోడ్డుకి చేరేసరికి రెండు గంటలు దాటుద్ది. మామకి గంట లేదు.

"కోసెయ్యన్నా! తాడు కోసెయ్!"

జిలానీ టార్చి పళ్ళతో పట్టుకుని, నడుములోంచి కత్తి తీశాడు.

"వద్దు," అన్నాడు మామ. "కొయ్యొద్దురా... అది పట్టుకుని ఉన్నంతసేపే..."

కత్తి ఆడింది. తాడు ఫట్టున తెగింది.

కాటా మీద సున్నా పడింది. పడవ గబుక్కున ముందుకు జారి చరణ్ మడమలకి తగిలింది. అదే క్షణాన పైన పొదలు విరిగాయి. ఏదో కిందికి వస్తోంది. బరువైనది. ఆపేవాళ్ళు లేనిది.

"పరిగెత్తు!" జిలానీ తుపాకి ఎత్తాడు.

చరణ్ పరిగెత్తాడు. వెనక తుపాకి పేలింది. ఒకటే గుండు. మళ్ళీ దట్టించటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ జిలానీకి దొరకలేదు. తడి గుడ్డ చింపినట్టు చప్పుడు. "అమ్మీ" అని ఒక కేక, సగంలో ఆగిపోయి. తర్వాత ఎముక... ఒకటి... ఇంకోటి... తొందరేమీ లేనట్టు.

చరణ్ ఆగాడు. ఒక్క క్షణం. ఆ చీకట్లోకి తిరిగి వెళితే మామ పోతాడు. ఆగకపోతే జిలానీ...

అతని పక్క నుంచి టార్చి దొర్లుకుంటూ వెళ్ళింది. ఇంకా వెలుగుతూనే ఉంది. అద్దం మీద రక్తం పులుముకుని గడ్డి మీద ఎర్రటి వెలుగు చుట్లు చుట్లుగా తిరిగింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా, మణికట్టు దాకా, దానితోనే వెళ్ళింది.

చరణ్ లాగాడు. అడుగులు లెక్కపెట్టుకున్నాడు. వంద. రెండొందలు. నాలుగొందలు దాటాక లెక్క పోయింది. పాదాల కింద మట్టి తగ్గి కంకర తగిలింది. ట్రాలీ లైట్లు మొహాన పడ్డాయి.

"యాడికి పోయార్రా ఇంతసేపు? పంది యాడ..." రసూల్ మాట మింగేశాడు. "యా అల్లా. జిలానీ?"

"మామని ఎక్కించు. ముందు మామని ఎక్కించు."

ఇద్దరూ కలిసి హనుమయ్యని ట్రాలీలోకి ఎత్తి, తల క్యాబిన్ వైపు పెట్టి పడుకోబెట్టారు. పడవ రోడ్డు మీదే వదిలేశారు. రసూల్ వెనక తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. చరణ్ మామ పక్కన మోకాళ్ళ మీద కూచుని, చేతులు రెండూ తొడ మీద వేసి అదిమిపట్టాడు. నాడి చూశాడు. నిమిషానికి నూట ముప్పై. సన్నగా ఉంది, కానీ ఉంది. మాచర్ల ఆసుపత్రి ఇరవై ఆరు కిలోమీటర్లు. రోడ్డు బాగుంది. దక్కుతాడు. ఈసారి లెక్క సరిపోతుంది.

బండి బయల్దేరింది. గేరు మారింది కానీ వేగం రాలేదు. ఇంజను మూలిగింది.

రసూల్ వెనక అద్దం పక్కకి జరిపి అరిచాడు. "ఒరేయ్ చరణూ! ఎంతమంది ఎక్కార్రా వెనక?"

"మామా నేనూ. ఏం?"

"మరి లైట్లేందిరా? రోడ్డు మీద పడట్లేదే!"

చరణ్ తలెత్తి క్యాబిన్ అద్దంలోంచి ముందుకి చూశాడు. రెండు లైట్లూ రోడ్డును వదిలేసి, పైన చెట్ల చివర్ల మీద పాకుతున్నాయి. ముందంతా చీకటి. వెనక మోయలేని సరుకు వేసినప్పుడు బండి ముక్కు అట్లాగే లేస్తుంది.

అతను వెనక్కి తిరగబోయాడు. మామ చెయ్యి లేచి అతని గడ్డం పట్టుకుంది. చచ్చిపోతున్న మనిషి పట్టులాగా లేదు అది.

"నన్నే చూడు నాయనా," అన్నాడు హనుమయ్య. "ఆస్పత్రి వచ్చిందాకా... నన్నే చూడు."

చరణ్ చూశాడు. మామ కళ్ళు మాత్రం అతన్ని చూడటం లేదు. అతని భుజం మీదుగా, మూసిన వెనక తలుపు వైపు, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాయి. చూస్తూ చూస్తూ, ఎవరికో చోటిస్తున్నట్టు, ఆయన తన మంచి కాలిని మెల్లగా ముడుచుకున్నాడు.

బండి నడుస్తూనే ఉంది. ఎక్కడా ఆగలేదు. అయినా వెనక చక్రాల మీది కమాను పట్టీలు కిర్రుమని, ఇంకొకరు ఎక్కినట్టు కిందికి దిగాయి.

ముందు, చెట్ల మీది వెలుతురు ఇంకో జానెడు పైకి లేచింది.