డెల్ఫీన్ ఎత్తిన నాలుగు వేళ్ళు

"బ్రాడ్‌వేకి తప్ప ఇంకెక్కడికైనా పంపండి, మేడమ్," అన్నాడు వేడ్ టాలివర్.

నాష్‌విల్ గూఢచారి విభాగం చీఫ్ లోర్నా ప్రూయిట్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు పుట్టింది ఈ ఊళ్ళోనే కదయ్యా. పదేళ్ళు స్టూడియోల్లో బేస్ గిటార్ వాయించావు."

"అందుకే చెబుతున్నాను. ఈ ఊరివాడెవడూ సరదాకి ఆ టూరిస్టుల బార్ల వీధిలో అడుగుపెట్టడు."

"ఇవాళ పెడతావు. మధ్యాహ్నం రెండింటికి రెడ్ మ్యూల్ బార్. మాత్యాస్ కెరెకెష్ మనవైపు ఫిరాయించడానికి వస్తాడు. విదేశీ ముఠాకి ఇన్నాళ్ళూ రహస్యాలు మోసిన మనిషి. మనవాళ్ళలో ఎవరెవరు అమ్ముడుపోయారో ఆ పేర్లన్నీ అతని బుర్రలోనే ఉన్నాయి. అతన్ని చంపడానికి ముఠా ఒకణ్ణి పంపింది. ఎవరో తెలీదు."

"డెల్ఫీన్‌కి కూడా తెలీదా?"

"తెలీదనే అంటోంది."

డెల్ఫీన్ క్రో ఆ బార్‌లో గాయని. అటు ముఠాకీ ఇటు విభాగానికీ పనిచేస్తుంది. ఏ పూట ఎవరి మనిషో వేడ్‌కి ఎప్పుడూ అంతుబట్టలేదు.

రెండింటికి రెడ్ మ్యూల్ కిక్కిరిసి ఉంది. నేల మీద ఎండిన బీరు బూటుని పట్టుకుని వదలటం లేదు. పెళ్ళికి ముందు పార్టీకొచ్చిన పెళ్ళికూతురొకతె ప్లాస్టిక్ కిరీటం పెట్టుకుని, కొత్త తెల్లబూట్లతో బల్లెక్కి గెంతుతోంది. చుట్టూ పదిమంది స్నేహితురాళ్ళు, అందరికీ గులాబీరంగు టోపీలు. మూల కుర్చీలో ఒకడు తన టోపీలోకే కక్కుకుంటున్నాడు. వేడ్ ముక్కు మూసుకున్నాడు.

వేదిక పక్క బల్ల దగ్గర లావుపాటి మనిషి కళ్ళనీళ్ళు కార్చుకుంటూ, రొట్టె మీద పెట్టిన కారం చికెన్ తింటున్నాడు.

"ఊరగాయ ముక్కలు బావుంటాయట," అన్నాడు వేడ్. అది కోడ్.

"నాకు అడుగునున్న రొట్టె చాలు," అన్నాడు కెరెకెష్. "కూర్చో బాబూ! నీక్కూడా ఒక ప్లేటు చెప్పాను. పాట, తిండి, ఆ పిల్లలు... స్వర్గమంటే ఇదే కదూ!"

"కాదు. పావుగంటలో వెనక గుమ్మానికి కారొస్తుంది. అందాకా కదలొద్దు."

వేడ్ తన ముందుకొచ్చిన ప్లేటు వంక చూశాడు. ఎర్రటి నూనె రొట్టెలోంచి ఓడుతోంది. జేబులో ఉన్న మౌతార్గాన్ని తడుముకున్నాడు. దాంట్లో మత్తు సూది ఉంది.

"అంకుల్, చీర్స్!" అంటూ పెళ్ళికూతురు తూలింది. బూటు ఆకారం గ్లాసులోని ఐసు, చక్కెరపాకం మొత్తం వేడ్ జేబులోకి ఒలికింది.

వేదిక మీద డెల్ఫీన్ ఎర్రటి తళుకుల కోటులో మెరిసిపోతోంది. ఊరందరికీ కంఠతా వచ్చిన పాచిపాట ఎత్తుకుంది. ఎడమచెయ్యి వీపు వెనక ఉంది. అక్కడి బృందాలు సాధన చెయ్యవు. వాయించేవాళ్ళు పూటపూటకీ మారుతుంటారు. అందుకే తర్వాత ఏ స్వరానికి వెళ్ళాలో పాడేవాళ్ళు వేళ్ళతో చూపిస్తారు. రెండు వేళ్ళయితే రెండో స్వరం, ఐదయితే ఐదు.

ఆ పాట అక్కడ ఐదుకి వెళ్ళాలి. డెల్ఫీన్ నాలుగు వేళ్ళు ఎత్తింది. ఫిడేలూ, గిటారూ ఆలోచించకుండా నాలుగుకి జారాయి. బేస్ మాత్రం ఐదుకే వెళ్ళింది. వేడ్‌కి పళ్ళు పులిశాయి.

డెల్ఫీన్ ఈసారి రెండు చూపించింది. మిగతావాళ్ళు రెండుకి మారారు. బేస్ వాయించేవాడు ఆమె వేళ్ళని సూటిగా చూశాడు, అయినా బట్టీపట్టిన పాటే వాయించాడు.

ఈ ఊరి బేసిస్ట్ తాగి పడిపోతూ కూడా ఆ వేళ్ళని వదలడు. వీడు ఈ ఊరివాడు కాదు.

డెల్ఫీన్ ఓరకంట వేడ్‌ని చూసింది. వాడే హంతకుడన్న అతని అనుమానం ఆ చూపుతో రూఢి అయింది.

పాట ఆఖరి చరణానికి వచ్చింది. జనం లేచి కేకలు మొదలుపెట్టారు. తుపాకీ చప్పుడు కూడా వినబడని కేకలు. బేస్ గిటార్ మెడ మెల్లగా కెరెకెష్ వైపు తిరిగింది. దాని చివర, తీగ బిగించే మర ఉండాల్సిన చోట తుపాకీ గొట్టపు నల్లటి రంధ్రం.

వేడ్ మౌతార్గాన్ తీసి నొక్కాడు. పాకం కారింది, సూది రాలేదు.

బేసిస్ట్ వేలు బిగుసుకుంది.

వేడ్ చికెన్ ప్లేటు ఎత్తి వాడి మొహాన కొట్టాడు. ఎర్రనూనె కళ్ళల్లో పడింది. వాడు బొబ్బ పెట్టాడు. గుండు కెరెకెష్ చెవి పక్కనుంచి దూసుకెళ్ళి గోడమీది నియాన్ దీపాల బూటు బొమ్మని పగలగొట్టింది. డెల్ఫీన్ మైకు స్టాండుతో ఒక్కటిచ్చింది. వాడు పడిపోయాడు.

"షో అదిరింది! మళ్ళీ చెయ్యండి!" అని అరిచింది పెళ్ళికూతురు.

"పొద్దున మా బేసిస్ట్‌కి జ్వరమని వీడొచ్చాడు," అంది డెల్ఫీన్ ఊపిరి పీల్చుకుంటూ. "మొదటి పాటకే అనుమానమొచ్చింది."

"మరి చెప్పొచ్చుగా?"

"ఖాయంగా ఎలా చెప్పను? ఈమధ్య ఇక్కడ ఇంత చెత్తగా వాయించేవాళ్ళు మామూలే కదా!"

వేడ్ కెరెకెష్ భుజం పట్టుకుని వెనక గుమ్మం వైపు లాగాడు. "పేర్లు చెప్పు. ఇప్పుడే."

కెరెకెష్ మూతి తుడుచుకున్నాడు. "ఇందాకే ప్రాణం పోయేది కదా బాబూ. ఇక ఈ వీధి బార్లన్నీ తనివితీరా చూడందే పోను. బార్‌కొక పేరు చెబుతా."

"మొత్తం ఎన్ని పేర్లు?"

"పదిహేడు."

వేడ్ కాలు ఎత్తబోయాడు. బూటు నేలని వదల్లేదు.