కత్తి మందం

ఆ రోజు పరిశోధనశాలకి సెలవు. బయట ముసురు పట్టింది. నేల అడుగున ఉన్న చల్లగదిలో ఆలుమగలిద్దరు మాత్రం పనిలో ఉన్నారు. ఆయన మెదడు డాక్టరు. ఆమె అక్కడే కోత యంత్రం నడుపుతుంది. గడ్డకట్టించిన మెదడుని ఉల్లిపొరకన్నా పలచగా కోసి గాజుపలకల మీద పరచడం ఆమె ఉద్యోగం. చెయ్యి తిరిగిన మనిషే. కానీ ఈ వారమంతా ఒక్కో పొరనీ ఆగి ఆగి కోస్తోంది. యంత్రం మీదున్నది ఆమె సొంత అన్నయ్య మెదడు.

అన్నయ్య గొప్ప శాస్త్రవేత్త. ఆ సంగతి లోకం ఒప్పుకుంది. తిక్క మనిషి. ఆ సంగతి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. ఎవరైనా తాకితే ఒళ్లు కాలినట్టు ఎగిరిపడేవాడు. కోసిన వస్తువేదీ ముట్టేవాడు కాదు. రొట్టె అయినా పండు అయినా అలాగే కొరుక్కు తినాల్సిందే. ఓసారి ఎవరో కేకు కోయబోతే కత్తి లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. ఎందుకలా అంటే, "రెండు ముక్కల మధ్య కత్తి మందమంత పోతుంది. పోయింది ఎక్కడికి వెళ్తుందో చెప్పు, అప్పుడు కొయ్యి" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవారు. ఆ ప్రశ్ననే పట్టుకుని ఏళ్ల తరబడి తలుపు వేసుకుని కూర్చుని, మహామహులకి అంతుపట్టని లెక్క ఒకటి తేల్చాడు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

పోయేముందు తన మెదడుని చెల్లెలి మొగుడికే రాసిచ్చాడు. షరతు ఒక్కటే. "చూసుకో బావా, కొలుచుకో. కొయ్యకు." బావ తల ఊపాడు. ఊపడానికేం, తల ఎవరైనా ఊపుతారు.

"ఆ తెలివీ ఈ తిక్కా ఒకే ముడిలో ఉన్నాయి. ఆ ముడి ఎక్కడుందో చూడాలంటే కోయక తప్పదు" అన్నాడు అన్నయ్య పోయాక, భార్యతో. "అదే ముడి మన పాపలోనూ ఉందని నిరూపిస్తా. అప్పుడు పిచ్చిపిల్ల అని ఎవడంటాడో చూస్తా."

పాపది అచ్చం మేనమామ పోలిక. మాటలు తక్కువ. ఎవరి కళ్లలోకీ చూడదు. తలమీద చెయ్యి పడితే గిలగిల్లాడిపోతుంది. బడివాళ్లు మా వల్ల కాదని ఇంటికి పంపేశారు. ఆనాటినుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. కూతురంటే ప్రాణమే, కాదనలేం. చిక్కల్లా, ఆ కూతురు మేధావి అయితీరాలని పట్టిన పంతంతోనే. ఆమెకి ఆ పంతం లేదు. తన కూతురు ఉన్నది ఉన్నట్టు తన దగ్గర ఉంటే చాలు. ఆ మాట మొగుడి ముందు గట్టిగా అనలేక, బ్లేడు బిగించింది.

ఆ సాయంత్రం పాప కూడా గదిలోనే ఉంది. ఓ మూల కూర్చుని సీసా మూతల్ని వరసగా పేర్చుకుంటోంది. మెదడు పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసనకి కళ్లు మండుతున్నాయి. ఆయన మెదడు కదలికల్ని గీతలుగా గీసే, తీగలు వేలాడే టోపీ ఒకటి తీసుకొచ్చాడు.

"పాప తలకి ఇది పెడదాం. మీ అన్నయ్య ముక్కల పక్కన దీని గీతలు పెట్టి చూస్తే తేలిపోతుంది."

"వద్దండీ. దాని తలమీద ఏదీ పడదు. మీకు తెలుసుగా."

"అరగంట. దాని మంచికేగా!"

"వద్దు నాన్నా" అంది పాప. దానికి అది చాలా పెద్ద మాట. ఆయన వినలేదు. టోపీ తొడిగాడు. పాప కేక గోడలకి కొట్టుకుంది. కాళ్లతో తన్నింది, గోళ్లతో రక్కింది.

"చూస్తావేంటి? చేతులు పట్టుకో!"

ఆమె పట్టుకుంది. కన్నతల్లి... గట్టిగానే పట్టుకుంది.

అప్పుడు వినిపించింది. సన్నగా, ముక్కుతో తీసే ఒకటే రాగం. అన్నయ్య ఆలోచనలో పడితే అలాగే తీసేవాడు. ఇప్పుడది యంత్రం కింద, కోతలో పోయిన పొడి రాలే ఉక్కు పళ్లెంలోంచి వస్తోంది. ఆమె చేతులు వాటంతటవే వదిలేశాయి. పాప బల్ల కిందకి దూరింది.

"ఏంటా చప్పుడు? కట్టెయ్" అన్నాడాయన.

"కట్టేసే ఉందండీ..."

ఆయన జుట్టు ఒక్కసారిగా పైకి లేచింది, ఎవరో పిడికిట పట్టినట్టు. మొహం వెళ్లి ఉక్కు బల్లకి మోదుకుంది. మళ్లీ. మళ్లీ. ముక్కు చితికింది. పళ్లు నేలమీద రాలాయి. టోపీ తొడిగిన చేతి వేళ్లు వెనక్కి వంగాయి... ఒక్కొక్కటే... పుటుక్కు పుటుక్కుమని. ఆయన అరవబోతే నోట్లోంచి నెత్తురే వచ్చింది.

అదే జుట్టు పట్టుకుని కనపడని చెయ్యి యంత్రం వైపు ఈడ్చుకుపోతోంది. ఆమె ఆయన కాళ్లు పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె కూడా జరజరా ఈడ్చుకుపోయింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఆయన తల వెళ్లి బ్లేడు కింద ఆనింది.

"అన్నయ్యా... వదిలెయ్... నీ కాళ్లు పట్టుకుంటా..."

చెవి పక్కనే గుసగుస. చల్లగా.

"కొయ్యొద్దన్నాను కదే, చెల్లాయ్."

బ్లేడు కదిలింది. సర్‌మని... ఒకసారి.

మళ్లీ ఒకసారి, ఈసారి ఆమె కణతల దగ్గర చల్లగా.

రాగం ఆగిపోయింది.

ఆసుపత్రిలో ఆయన ముక్కు సర్ది, వేళ్లకి కట్లు కట్టారు. తల ఫొటో తీసిన డాక్టరు ఆమెని పక్కకి పిలిచాడు.

"ఈయన తలకి ఇంతకుముందు ఆపరేషన్ ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదండీ."

డాక్టరు ఫొటో చూపించాడు. మెదడులో ఆ చివరినుంచి ఈ చివరికి సన్నటి ఖాళీ గీత, స్కేలు పెట్టి గీసినట్టు. "ఇక్కడ ఒక పొర లేదు. కానీ చర్మం తెగలేదు, ఎముక చెదరలేదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదమ్మా."

తెల్లారాక ఆయనకి స్పృహ వచ్చింది. భార్యని గుర్తుపట్టాడు. తన ఉద్యోగం, ఇల్లు, ఆమె అన్నయ్య, అన్నీ గుర్తున్నాయి. గుమ్మంలో నిలబడ్డ పిల్లని కాసేపు చూసి, మర్యాదగా అడిగాడు.

"ఎవరీ పాప?"

ఆమె కూతురి కళ్లలో నీళ్లు చూడలేక, దాన్ని తీసుకుని గబగబా వరండాలోకి వచ్చేసింది. తండ్రికి గుర్తులేకపోతే పోనీ, తను ఉంది. ఇక ఎవరి మాటా వినదు. దీన్ని గుండెల్లో పెట్టుకుని చూసుకుంటుంది. పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, వంగి, తాకకుండా, "నేనున్నాగా తల్లీ" అంది.

అటుగా వెళ్తున్న నర్సు ఆగింది. "ముద్దుగా ఉంది. పాప పేరేంటమ్మా?"

ఆమె నవ్వుతూ నోరు తెరిచింది.

నర్సు ఎదురుచూస్తోంది. పాప కూడా తల తిప్పి అమ్మ నోటికేసి చూస్తోంది.

పేరు ఉండాల్సిన చోట కత్తి మందమంత ఖాళీ. ఆమె ఇంకా నోరు తెరిచే ఉంది.