తాడు లాగేదెవరు?

ఆ కంపెనీ సొరంగంలోకి రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఎవరూ దిగరు. పైన గుట్టలా పోసిన రాళ్ళు, కింద ఆ రాళ్ళను మోసుకుపోయే పొడవాటి బెల్టు. అర్ధరాత్రి దాటాక ఆ బెల్టు దానంతటదే ఆగుతుందట. దాని పక్కనే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక తాడు ఉంటుంది. ఆపదొస్తే తాడు లాగాలి, బెల్టు ఆగుతుంది. మరి లోపల నరమానవుడు లేనప్పుడు... లాగేదెవరు?

ఇంకెవరు, చచ్చిపోయిన ఫిట్టరే అంటారు. బెల్టు చుట్టి తిరిగే చివరి డ్రమ్ము దగ్గర దాన్ని సరిచేస్తూ అందులో చిక్కుకుని పోయాడు. తాడు లాగాలన్న బుద్ధి లేకపోయిందని కంపెనీ చేతులు దులుపుకుంది. వీధిలోవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, అతని భార్యకి ‘దెయ్యం పెళ్ళాం’ అని పేరు పెట్టారు. ఆమె కూతురి పక్కన బడిలో ఎవరూ కూర్చోవడం లేదు. పాపం ఆ పసిదేం చేసింది!

ఆమె తమ్ముడూ ఫిట్టరే. ఆ మాటలు వినీ వినీ ఒళ్ళు మండి, సంగతేదో తేల్చాలని బావ ఉద్యోగంలోనే చేరాడు. ఓ రాత్రి బెల్టు పక్కకి జరిగిపోతోందని కబురొస్తే, టార్చీ రెంచీ పట్టుకుని ఒక్కడే దిగాడు.

భయమేసింది, అబద్ధమెందుకు. చీకటి... దుమ్ము... బెల్టు గరగర.

“బావా...” అన్నాడు మెల్లగా.

బెల్టుని నడుస్తుండగానే సరిచేయాలి. డ్రమ్ము బోల్టు కాస్త తిప్పి, ఎటు జరుగుతుందో కనిపెట్టి, మళ్ళీ కాస్త తిప్పాలి. అలా కనిపెడుతుంటే టార్చీ వెలుగులో కంటబడింది — బెల్టు అంచు చిరిగి, ఆ పీలిక తిరిగొచ్చినప్పుడల్లా తాడుని గుంజుతోంది! గట్టిగా గుంజినప్పుడు ఆగుతుంది కాబోలు.

ఇదా దెయ్యం! నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తెల్లారగానే అక్కకి చెప్పాలి... వీధి మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పాలి.

పీలిక కోయాలంటే బెల్టు ఆగాలి. తాడు లాగాడు.

ఆగలేదు.

చేతికి చుట్టుకుని బలంకొద్దీ లాగాడు. బెల్టు తన దారిన తాను పోతూనే ఉంది.

పరుగున మెట్లెక్కి కంట్రోలు గదిలోకి వెళ్ళాడు. అతన్ని చూడగానే ఆపరేటరు లేచి నిలబడ్డాడు.

“అన్నా, తాడు పనిచేయట్లేదేం?”

“తాడుని మోటారుకి కలిపే వైరు పీకేశాం తమ్ముడూ. ఊరికే ఆగుతోందని సూపర్వైజరు పీకేయమన్నాడు.”

“ఎప్పుడు?”

ఆపరేటరు తల దించుకున్నాడు. గుసగుసగా — “మీ బావ పోయిన రోజు పొద్దున... ఆయనకి ఎవరం చెప్పలేదు.”

అంటే బావ లాగాడు. ఎంత లాగినా బెల్టు ఆగి ఉండదు.

“మరి అప్పట్నుంచీ ఆపుతున్నదెవరన్నా?”

“అదే తెలీక చస్తున్నా. ఆ తాడుకీ మోటారుకీ సంబంధమే లేదు తమ్ముడూ...”

కింద గరగర ఆగిపోయింది.

సొరంగంలో ఎవరూ లేరు. బటన్ల మీద ఎవరి చెయ్యీ లేదు. అలవాటుకొద్దీ ఆపరేటరు వేలు స్టార్టు బటన్ వైపు కదిలింది. కుర్ర ఫిట్టరు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“వద్దన్నా... ఇప్పుడైనా ఆగనీ.”