ఒంటికంటిన వెనీలా వాసన

మొఘల్‌పురాలో ఒక గల్లీ చివర తాళం వేసిన ఇల్లు ఉండేది, అందరూ మకాన్ అనేవాళ్లు. చీకటి పడ్డాక మగవాళ్లు దాని ముందు నుంచి ఒంటరిగా పోకూడదని చెప్పుకునేవాళ్లు. ఎందుకంటే... అక్కడ ఒక వాసన వస్తుంది. అత్తరు కాదు, మల్లెపూలు కాదు. బేకరీలో కేకులు కాలుతున్నప్పుడు భట్టీ తలుపు తీస్తే గుప్పుమంటుందే, ఆ వెనీలా వాసన. కానీ అందులో ఒంటి వెచ్చదనం కలిసి ఉంటుంది. ఎవరో ఆడమనిషి అప్పుడే నిద్రలేచి, మన మెడ దగ్గరికి వచ్చి నిలబడ్డట్టు.

ఇది డెబ్బైల్లో జరిగిందట. కమల కాపురం ఆ మకాన్‌కు దగ్గర్లోనే. కొత్తగా పెళ్లయింది. మొగుడు పురుషోత్తం చార్మినార్ దగ్గర తండ్రి నాటి బట్టల దుకాణం చూసుకునేవాడు.

ఆ చలికాలం అతని అంగీ కాలర్‌కు ఆ వాసన రావడం మొదలైంది.

"ఎవరిదీ వాసన?" అంది కమల, అంగీ ముక్కు దగ్గర పెట్టుకుని.

"ఆ మకాన్ ముందల నుంచి వస్తున్న గద... గాలికి అంటుకుంటది. నీకేం ఫికర్?"

"గాలికైతే రుమాలుకు గూడ అంటాలె. మెడ కాడనే ఎందుకుంది?"

పురుషోత్తం తువ్వాల తీసుకుని స్నానానికి పోయాడు.

దెయ్యమంటే కమల నమ్మలేదు. ఆ మకాన్‌లో ఎవతో బతికున్న ఆడదే ఉందనుకుంది. అత్త నాగమణమ్మ కార్వాన్ బస్తీలో పెళ్లికి పోయిన రోజు, దీపాలు పెట్టే వేళ, కొంగు నిండా కప్పుకుని బయల్దేరింది. ఇద్దర్నీ ఒక్కసారే పట్టుకోవాలని.

గల్లీలో అడుగు పెట్టిందో లేదో... కరెంటు పోయింది.

మకాన్ తలుపుకు తుప్పు పట్టిన తాళం. చేత్తో తడిమితే సాలెగూడు. ఆ తలుపు తీసి ఏళ్లయినట్టుంది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగింది —

వాసన.

ముందు పల్చగా, కాగుతున్న పాలలాగా. తర్వాత తియ్యగా, చిక్కగా. చలిగాలి కొడుతోంది, అయినా ఆ వాసన మాత్రం వెచ్చగా ఉంది. గొంతులోకి దిగింది. పరుగెత్తాలని ఉంది కమలకి... కానీ ఇంకాసేపు పీల్చాలనీ ఉంది. ఆమెకు అసలు భయం అప్పుడే వేసింది.

మెడ వెనక... ఎవరో ఊపిరి వదిలారు.

ఆమె మణికట్టుకు ఇంకో మణికట్టు వచ్చి రాసుకుంది. మెల్లగా... అత్తరు పంచుకునేటప్పుడు ఆడవాళ్లు రాసుకుంటారే, అట్లా.

కమల కాలి చెప్పు అక్కడే వదిలేసి ఉరికింది.

ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, నీళ్ల గాబు ముందు కూలబడింది. సబ్బుతో తోమింది. శీకాయతో తోమింది. చర్మం ఎర్రబడి వేడెక్కిన కొద్దీ వాసన పెరిగింది. మెడ మీద, మోచేతి మడతలో, జాకెట్టు లోపల... ఇప్పుడది తన ఒంట్లోంచే వస్తోంది!

పాపం, ఆయన నిజమే చెప్పాడు. ఉత్త పుణ్యానికి అనుమానించాను. రాగానే చెప్పేయాలి — అనుకుంది ఏడుస్తూ.

తలుపు కిర్రుమంది. పురుషోత్తం.

ఇల్లంతా చీకటి. లాంతరు వెలిగించే ధ్యాస కూడా లేకపోయింది ఆమెకు. లేచి ఎదురెళ్లింది.

అతను ఆగిపోయాడు. గట్టిగా గాలి పీల్చాడు. చీకట్లో తడుముకుంటూ దగ్గరికొచ్చి, ఆమె మెడలో ముఖం పెట్టాడు. కాపురానికొచ్చినప్పటి నుంచి ఎన్నడూ ఆమె వినని మెత్తటి గొంతుతో గుసగుసలాడాడు —

"ఇంటి దాంక ఎందుకొచ్చినవ్? నేనే వస్తుంటి గద... లోపల కమల ఉంటది. చూస్తది."

కమల ఒళ్లు చల్లబడిపోయింది. 'నేనే కమలను' అందామని నోరు తెరిచింది.

కానీ జవాబు ఆమె వెనక నుంచి వచ్చింది.

"చూడనియ్..."