నాలుగో చక్రం

శనివారం పొద్దున కాఫీ తాగి, నాలుగు అల్లాయ్ చక్రాలు కారులో వేసుకుని బంగారుపేట లేతు షాపుకు బయల్దేరబోయింది ఏంజెలిన్. వేరే కారువి, చూడముచ్చటగా ఉన్నాయని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. బోల్టులు సరిపోయాయి గానీ నడుమ రంధ్రం ఇరుకు. చక్రం బిగించే హబ్బు మీద కూర్చోవాలంటే చుట్టూ కాస్త అరగదీయాలి.

"ఇంగ లేతు షాపు యాలమ్మా? నువ్వు ఆఫీసుకు పోతానే మీ అప్పకు మూడు దినాలుగా వాటిని అరగదీసేదే పని" అంది తల్లి ఎమిలీ ఇడ్లీ పాత్ర దించుతూ, తనకేమీ సంబంధం లేనట్టు.

ఏంజెలిన్ వరండాలోకి వచ్చింది. అక్కడ తండ్రి అమృతరాజు స్టూలు మీద కూర్చుని ఆకురాయికి అంటిన వెండిరంగు పొడి దులుపుతున్నాడు. బంగారు గనుల వర్కుషాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటినా కుక్కరు పిడి మొదలు చర్చి గేటు దాకా దేన్నీ వదలని మనిషి. ఈ మధ్య మాత్రం చేతులు వణికి, కాఫీ సగం సాసర్లోకే పోతోంది.

"చెప్పకుండా ఎందుకు చేసినావప్పా? దినామూ ఈ కారులోనే పోయి వస్తాను. దోవలో చక్రం అదిరి ఏమన్నా అయితే? నీ చేతులు ముందు మాదిరి లేవు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"మూడుండాయి, చూసుకో" అని లోపలికి వెళ్లిపోయాడు.

మరి నాలుగోది? వెతికితే తలుపు వెనక గోనెసంచి కింద దొరికింది. రంధ్రం ఒక పక్కకు ఎక్కువ అరిగిపోయింది. పైన సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు. కింద వంకర అక్షరాలతో తేదీ, అమృతరాజు అన్న పేరు.

ఏంజెలిన్ దాని పక్కనే కూర్చుంది. చిన్నప్పుడు టిఫిన్ క్యారియరు పట్టుకుని వర్కుషాపు గేటు దాకా వెళ్లేది. అక్కడ సామాను చెడగొట్టిన మనిషే దాని మీద ఇంటూ గీసి, తన పేరు రాయాలి. ఇక అది గనిలోకి దిగదు. సిగ్గు కాదా అప్పా అని అడిగితే, "కింద మనుషులుండారమ్మా" అనేవాడు. సాయంత్రం సైరను మోగాక నూనె వాసన వేసే ఖాకీ జేబులోంచి మిగిలిన సుద్దముక్క తీసి ఆమె పలకకు ఇచ్చేవాడు. ఇన్నేళ్లలో అదంతా మరిచేపోయింది. తన తప్పు కింద తనే పేరు రాసుకున్న మనిషినా తను అనుమానించింది? కన్నీళ్లు ధారగా కారాయి.

లోపలికి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"నీకు చెప్పేకి సిగ్గయింది. అందుకే దాచిపెట్టినాను" అన్నాడాయన గోడవైపు చూస్తూ.

"కొలత తీసే ఆ వెర్నియర్ యాడుంది? ముందు ఆ మూడూ కొలుస్తాము. ఇంకొక చక్రం నేను తెస్తాను. నువ్వు ఆకురాయి పట్టు, నేను కొలత చదువుతాను."

అమృతరాజు చొక్కా జేబు తడిమి, అరిగిన సుద్దముక్క తీసి కూతురి అరచేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉండనీ. ఈసారి చెడితే ఇద్దరి పేర్లూ రాయాల."