రాతిగదిలో గురువారం చప్పుడు

ఇంగ్లండ్‌లో మేముండే ఊళ్ళో డాక్టర్ క్లినిక్ వెనక ఒక సందు ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దని వృద్ధుల కేర్‌హోమ్‌లో పనిచేసే హెప్సి ఆంటీ అందరికీ చెబుతుంది. నేలలోంచి గీకుతున్న చప్పుడు వస్తుందట... మనం ఆగితే అదీ ఆగుతుందట.

ఫ్లాట్లు కట్టడానికి అక్కడ తవ్వితే, పాతకాలం యూదుల ఇల్లొకటి బయటపడింది. ఏడొందల ఏళ్ళ కిందట రాజు వాళ్ళందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. మిగిలింది నేలకింద ఒక రాతిగది, మెట్లు... బోలెడు ఎముకలు.

ఎముకలు అనగానే జనం హడలిపోయారు. వేటివని ఎవరూ అడగలేదు.

మా పై ఫ్లాట్ అమరేందర్‌ది వరంగల్. దెయ్యాలంటే నవ్వుతాడు — పగలు. డిసెంబర్‌లో ఒక గురువారం, ట్రెయిన్ దిగేసరికి వాన. దగ్గరి దారని ఆ సందులోకి తిరిగాడు. టైము ఐదే. కానీ ఇక్కడ నాలుగింటికే చీకటి కదా.

సగం దూరం వచ్చాడో లేదో —

బర... బర... బర...

ఆగాడు. అదీ ఆగింది.

ఫెన్సింగ్ అవతల, టార్పాలిన్ కింద, ఆడగొంతు గుసగుసలాడింది... "నీ కాలేది?... ఇగో, దొరికింది."

ఇంగ్లండ్ దెయ్యం తెలుగెందుకు మాట్లాడుతుందని ఆ క్షణంలో అతనికి తట్టలేదు. భార్య గొంతు వింటే ధైర్యమొస్తుందని పుష్పలీలకి ఫోన్ చేశాడు.

ఫోన్ మోగింది... నేలకింద.

"పుష్పా!"

పారిపోతాడనుకుంటాం. ఫెన్సింగ్ దూకాడు. ప్యాంటు చిరిగింది, మెట్లమీద జారాడు, అయినా దిగాడు.

కింద చిన్న లైటు. బకెట్టు నీళ్ళు, ట్రే నిండా ఎముకలు. మధ్యలో పుష్పలీల.

"నిన్నేం జేసిండ్రు?"

"ఎవరు? నేనీడ తవ్వకాల వలంటీర్‌ని, ఎముకలు కడుగుత. ప్రతి గురువారం వస్త. చెప్తే వద్దంటవని చెప్పలే. పైన ఎవరన్న ఆగితే నేనూ ఆగుత."

అమరేందర్ ట్రేలోకి వంగి చూశాడు. "మనుషుల ఎముకలు ముడుతున్నవా?"

"పెద్దబాతులవి. వాళ్ళు పందిమాంసం తినరు గద, బాతులే తినేటోళ్ళు." మసిపట్టిన కుండపెంకు అతని చేతిలో పెట్టింది. "ఈ ఇంటామె పొయ్యి మసి సూడు, ఇంక పోలే. రాజు పొమ్మన్నడని వంటిల్లు అట్లనే ఇడిచిపోయింది." చేతులు తుడుచుకుంది. "మన ఊర్ల బడిల పిల్లలకు హిస్టరీ చెప్పేదాన్ని. ఈడ రెండేండ్లకు నాకో పని దొరికింది, అమర్."

ఈ దేశం వచ్చాక ఆమె కళ్ళు అలా మెరవడం అతను చూడలేదు.

"వచ్చే వారం నేను గూడ వస్త," అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వి ఇంకో ఎముక అందుకుంది. బర... బర... అప్పుడు చూశాడు, ఆమె చేతిలో నీలం టూత్‌బ్రష్.

"పుష్పా... అది నాది గద?"

"పాతదని తెచ్చిన."

"పొద్దున గూడ దాంతోనే తోముకున్న!"

గీకే చప్పుడు ఆగింది. పుష్పలీల బ్రష్‌ని బకెట్లో ముంచుతూ గుసగుసగా అంది...

"ప్రతిసారీ కడిగే పెట్టిన."