ఎవరికీ తెలియని నాలుగంకెలు

“పాస్‌కోడ్ ఎవరు మార్చారు?” హాల్లోంచి సత్యశ్రీ గట్టిగా అడిగింది.

“పాసికూడా? నానెందుకు మారుస్తానే! మిగిలింది పొద్దున్నే ఆవుకెట్టీసినాను. గిన్ని కూడా తోమీసినాను, సూసుకో!” అత్తగారు తాయారు తోమిన గిన్నెను సాక్ష్యంగా పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

“కూడు కాదత్తయ్యా, కోడు. యశూ టాబ్లెట్టుకి పెట్టే నాలుగంకెలు.”

“అంకెలా? నాకు అంకెలే వొస్తే కూరలోడు నన్నెందుకు మోసం సేత్తాడు?” అని తాయారు గిన్నెతో సహా వెనక్కి తిరిగింది.

ఆదివారం. పెందుర్తి కాలనీలోని ఆ రెండు గదుల ఇంట్లో అయిదు రోజులుగా టాబ్లెట్ తెరుచుకోవడం లేదు. సత్యశ్రీ గోపాలపట్నంలో ఒక మందుల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూస్తుంది. రోజుకి వెయ్యి టాబ్లెట్లు అమ్మే మనిషికి ఇంట్లో ఉన్న ఒక్క టాబ్లెట్టే తలనొప్పయి కూర్చుంది. షాపులోవి నీళ్ళతో మింగుడు పడతాయి. ఇది కన్నీళ్ళతో కూడా పడటం లేదు.

తొమ్మిదేళ్ళ కూతురు యశస్వినికి రోజుకి రెండు గంటలే అని సత్యశ్రీయే దానికి పేరెంటల్ కంట్రోల్ పెట్టింది. అంకెలు ఏనాడూ కంఠతా పట్టలేదు. తెరమీద అంకెల గడికి నాలుగు మూలలూ వరసగా నొక్కడం వేలికి అలవాటు, అంతే. ఇప్పుడు అవే మూలలు నొక్కితే తప్పంటోంది. పైగా తెల్లారేసరికే ‘ఈరోజు సమయం అయిపోయింది’ అని చూపిస్తోంది. పొద్దు పొడవకముందే పొద్దు గుంకిపోయే పరికరం!

“అయితే నేనే మరిచిపోయుంటానండీ, ఒట్టు” అంది సత్యశ్రీ భర్తతో.

“వెయ్యి మందుల పేర్లు గుర్తుంటాయి. నాలుగంకెలు గుర్తుండవా?” ఉదయ్‌కుమార్ టీ గ్లాసు టక్కున బల్లమీద పెట్టాడు. “మరిచిపోలేదు, మార్చేశావు. పిల్ల నాతో మాటాడకూడదని.”

“అలా ఎందుకనుకుంటాను?”

“అది నాకేటి చెప్పేస్తదో అని.”

ఉదయ్‌కుమార్ పోర్టులో క్రేన్ ఆపరేటర్. అక్కడ బరువులు ఎత్తుతాడు, ఇంటికొచ్చి ఎత్తిపొడుస్తాడు. రెండు పనుల్లోనూ అనుభవం గట్టిదే. క్రేన్ మీద కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏముందో కనపడదు. డెక్కు మీద నిలబడ్డ సిగ్నల్‌మేన్ చెయ్యి ఊపితేనే తెలుస్తుంది. అందుకని ఇంట్లో కూడా ఒక సిగ్నల్‌మేన్‌ని పెట్టుకున్నాడు. వయసు తొమ్మిది, జీతం వారానికో చాక్లెట్. రెండో షిఫ్టు ఉన్న రోజుల్లో టీ విరామం రాగానే కూతురి టాబ్లెట్‌కి వీడియో కాల్ చేస్తాడు. అమ్మ ఎన్నింటికి బయల్దేరింది, ఏ చీర కట్టుకుంది, నిన్న ఎవరు దింపారు. ఓనాడు వాన పడితే షాపులో పనిచేసే గుణశేఖర్ సత్యశ్రీని బండిమీద వీధి చివరిదాకా దింపాడు. పిల్ల ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ రాత్రి అన్నం పళ్ళెం గోడకి తగిలింది.

“సింహాద్రి బావని రమ్మన్నాను. ఎవరు మార్చారో తేలిపోద్ది. నువ్వే అని తేలితే రేపట్నుంచి షాపు బంద్. అంతే” అన్నాడు ఉదయ్‌కుమార్.

ఆ షాపు సత్యశ్రీకి జీతం ఒక్కటే కాదు. రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని ఏడు గంటలు. అడిగినా మందుల గురించే అడుగుతారు.

పదిన్నరకి ఉదయ్‌కుమార్ అక్క మొగుడు సింహాద్రి వచ్చాడు. గోపాలపట్నంలో సెల్‌ఫోన్ల రిపేరు షాపు అతనిది. “ఏటి బావా! సెట్ చేసింది మా సెల్లి, అప్‌సెట్ అయింది నువ్వు. రీసెట్ సేయడానికి నానా?” అంటూ చెప్పులు విప్పాడు. నవ్వినవాళ్ళు లేరు. యశస్విని గది మూల గోడకి ఆనుకుని పెన్సిల్ చెక్కుతోంది. మొన మూడుసార్లు విరిగింది.

“పేరెంటల్ కంట్రోల్ అంటే ఏటి బాబూ?” అని తాయారు అల్లుణ్ణి అడిగింది.

“పిల్లల్ని పెద్దోళ్ళు కంట్రోల్ సేయడం అత్తా. పేరుకి.” సింహాద్రి టాబ్లెట్‌ని రెండుసార్లు తిప్పి చూశాడు. “పిన్ను మరిసిపోతే మెయిల్‌కి ఒక కోడ్ వస్తది. దాంతో కొత్తది పెట్టుకోవచ్చు. మెయిల్ ఎవులిది?”

“నాదే. కొన్నప్పుడు పెట్టాను” అని ఉదయ్‌కుమార్ ఫోన్ ఇచ్చాడు.

సింహాద్రి దాన్ని తెరిచి కళ్ళు పెద్దవి చేశాడు. “నాలుగు వేల రెండొందలు సదవనివి! ఇది మెయిలా, మైలా? తానం సేయించాలి దీనికి.” వేలితో కిందికి తోసుకుంటూ పోయి ఒక్కచోట ఆగాడు. గొంతులో వేళాకోళం తగ్గింది. “బావా, ఎవులూ మరిసిపోలేదు. మంగళారం సాయంత్రం ఆరూ పన్నెండుకి పిన్ను మార్సినట్టు నీకు మెయిలొచ్చింది. నువ్వే సూడలేదు.”

“చూశావా!” ఉదయ్‌కుమార్ భార్య వైపు వేలు చూపించాడు. “నాను చెప్తే...”

“ఆరింటికి నేను షాపులో ఉన్నాను” అంది సత్యశ్రీ. “బిల్లుల మీద టైమ్ ఉంటుంది. తెచ్చి చూపించమంటారా? టాబ్లెట్ ఇంట్లో ఉంది. నేనెలా మారుస్తాను?”

వేలు గాల్లోనే ఉండిపోయింది. ఆ తరవాత తాయారు వైపు తిరిగింది.

“నన్ను సూడకు నాయినా. ఆ యేళకి నాను సీరియల్ సూత్తన్నాను” అంది తాయారు.

ఇంట్లో ఇంకెవరున్నారని నలుగురూ ఒక్కసారే గది మూలకి చూశారు. యశస్విని పెన్సిల్ కింద పెట్టింది.

“నేనే మార్చాను నాన్నా.”

“నీకు కోడ్ ఎలా తెలుసు?”

“అమ్మ వేలు చూశాను. నాలుగు మూలలు. రెండు గంటలు తీసేసి సున్నా కూడా నేనే పెట్టాను.”

“ఇప్పుడేం కోడ్ పెట్టావ్?”

“తెలీదు.”

“యశూ! అబద్ధమాడితే...”

“నిజంగా తెలీదు నాన్నా. కాగితం మీద ఏవో నాలుగంకెలు రాసుకున్నాను. చూసుకుంటూ రెండుసార్లు నొక్కాను. వెంటనే కాగితం చింపి బాత్రూమ్‌లో వేసేసి నీళ్ళు కొట్టాను.”

“ఎందుకే?”

“నాకు తెలిస్తే, నువ్వడగ్గానే చెప్పేస్తాను కదా.”

పిల్ల ఏడవలేదు. టీచరు లేపి అడిగితే పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. “నువ్వు ఫోన్ చేసి అమ్మ గురించి అడుగుతావు. నేను చెప్తాను. అప్పుడు అమ్మ ఏడుస్తుంది. వానలో అంకుల్ దింపారని చెప్పానుగా, అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. చెప్పకపోతే నన్ను తిడతావు. ఫోనే రాకపోతే ఎవరూ ఏడవరని... అమ్మని తిడతావని నాకు తెలీదు.”

సత్యశ్రీ వచ్చి కూతురి ముందు నేలమీద కూర్చుంది. “నాకు మతి పోతోందనుకున్నానే తల్లీ. అయిదు రోజులుగా ప్రతి బిల్లూ రెండుసార్లు సరిచూసుకుంటున్నాను. ఎవరికైనా ఒక మందు బదులు ఇంకోటి ఇచ్చేస్తానేమోనని...” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉదయ్‌కుమార్ మొహం ఎర్రబడింది. “ఇంత పిల్లకి ఇన్ని మాటలు ఎవరు నేర్పారు?” అని భార్య మీదికి ఒక అడుగు వేశాడు.

“నోరుముయ్, ఉదయా!”

ఆ మాట అన్నది తాయారు. కొడుకుని ఆమె అలా అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

“నువ్వే నేర్పినావు. నీకు మీ అయ్య నేర్పినాడు.” ఆమె మంచం అంచున కూర్చుంది. “పొలంనుంచొచ్చి నిన్ను ఒళ్ళో కూకోబెట్టుకునీవోడు. బెల్లం ముక్క సేతిలో ఎట్టి, ‘మీ యమ్మ ఈయేల ఎవులితో మాటాడింది’ అనడిగీవోడు. నువ్వు సెప్పీవోడివి. నాను తన్నులు తినీదాన్ని.”

దేనికైనా ఒక మాట అతికించే సింహాద్రి టాబ్లెట్ అంచులు తడుముకుంటూ ఉండిపోయాడు.

“నానా?” ఉదయ్‌కుమార్ తల్లి వైపు తిరిగాడు. “నాను ఏటి సెప్పీవోణ్ణి అమ్మా?”

“ఉన్నదే సెప్పీవోడివి నాయినా. బావికాడ సేద ఎవులందించినారో, వొరి కోతల్లో ఎవులు నవ్వినారో. ఐదేళ్ళోడివి, నీకేటి తెల్సు. ఒక్క అబద్ధవూ ఆడలేదు నువ్వు.”

ఉదయ్‌కుమార్ కుర్చీలో కూర్చోలేదు, కూలిపోయాడు. ముప్పై మీటర్ల ఎత్తులో కూర్చుని కంటెయినర్ని అంగుళం తేడా రాకుండా దింపే చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

సత్యశ్రీ కళ్ళు తుడుచుకుని లేచింది. “రేపు షాపుకి వెళ్తాను. ఎవరు దింపారో తెలుసుకోవాలనుంటే నన్నడగండి. దాన్ని కాదు.”

అతను తలూపాడు. సింహాద్రి మెయిల్‌కి వచ్చిన కోడ్ కొట్టి, లాకు తీసి టాబ్లెట్‌ని సత్యశ్రీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కూతురి పక్కన పెట్టింది.

చాలాసేపటికి ఉదయ్‌కుమార్ వెళ్ళి పిల్ల ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఏదో ఒకటి దాని గురించే అడగాలనుకున్నాడు. అలవాటు లేని పని, మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

“స్కూల్లో నీ పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?”

యశస్విని చెప్పబోయి ఆగింది. తల్లి మొహంలోకి చూసింది. పేరు చెప్తే ఆ పిల్లకి ఏమవుతుందోనని.

ఆ చూపు ఉదయ్‌కుమార్ చూశాడు. రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. సమాధానం కోసం మళ్ళీ అడగలేదు.